నత్త చెప్పిన వాన

ఫ్రిజ్‌లో కింది అర మొత్తం ఖాళీ చేస్తే తప్ప పెద్ద పాలగిన్నె పట్టదని అత్తయ్య, అంత పెద్ద గిన్నె మనకెందుకని నేను. అప్పటికి అరగంటగా వంటింట్లో ఇదే వ్యవహారం. ఆదివారం పొద్దున కావడంతో మా ఆయన కళ్ళజోళ్ళ దుకాణం తెరవలేదు. ఇంట్లోనే ఉన్నాడు గానీ, ఉన్నా లేనట్టే, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అత్తాకోడళ్ళ మాట నడుస్తున్నంతసేపూ ఆయనకు టెండరు ప్రకటనలు కూడా ఆసక్తిగానే ఉంటాయి.

"రెండు సీసాలే కదత్తయ్యా. రేపు పొద్దున్నే ల్యాబుకి తీసుకుపోతాను."

"ఇవ్వాళ రెండు సీసాలంటావు. పోయినేడు కూడా ఇలాగే అన్నావు. పదకొండు నెలలు ఆ అట్టపెట్టెని కడుపులో పెట్టుకుని చూశాను."

"మరి ల్యాబు గదులు కొత్తగా కడుతుంటే అక్కడ ఫ్రిజ్ లేదు. నేనేం చెయ్యను?"

"నిన్నేం చెయ్యమన్నాను? చేసేది నేను చేశానుగా. నేను కాబట్టి సరిపోయింది. ఇంకొకరైతే నీ సీసాలన్నీ పగిలి ఊరుకునేవి."

"ఎందుకు పగుల్తాయి?"

"ఎందుకేమిటి? మూతదాకా నీళ్ళు పోసి, బిగించి, టేపు చుట్టి, వెనక గోడకి ఆనించి పెడతావు. ఆ గోడంతా మంచు. నిండుకుండ తొణకదంటారు గానీ, మన ఫ్రిజ్‌లో పెడితే చిట్లుతుంది. అందుకే ఒక్కోదాంట్లోంచి రెండేసి వేళ్ళు వంచేసి, మూత కాస్త వదులుగా పెట్టేదాన్ని. నువ్వు పట్టుకెళ్ళే రోజున మళ్ళీ నీలాగే బిగించి టేపు చుట్టాను. తెలిసిందా నీకు? తెలియలేదు. అంత పొందిగ్గా చేశాను."

పేపరు కిందికి దిగింది.

నేను ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. "ఎన్ని సీసాలు అత్తయ్యా?" అని అడిగాను.

"ఎన్నుంటే అన్ని. ఇరవై రెండు."

మా అమ్మాయి బుల్లి తల దువ్వుకుంటూ వచ్చి నా ముఖం చూసింది. పదిహేడేళ్ళ పిల్ల. నేను చెప్పేవాటిలో సగం వినదు గానీ విన్న సగం బాగా అర్థం చేసుకుంటుంది. "నానమ్మా," అంది మెల్లిగా, "నువ్వు కరువు తెప్పించావే."

బుల్లి అన్నది నిజం. అదెలాగో చెప్పాలంటే నా పని చెప్పాలి.

తొమ్మిదేళ్ళుగా పదిహేను రోజులకోసారి, శనివారం, రెండు గంటలు బస్సులో, అరగంట కొండ మీద నడిచి ఒక సున్నపురాయి గుహలోకి వెళ్తాను. ఒకచోట మోకాళ్ళ మీద పాకాలి. చివరి గదిలో కప్పు నుంచి నీళ్ళు చుక్కలుగా పడుతుంటాయి. వాటిలో రెండు నావి. వడివడిగా పడేదానికి బుల్లి చిన్నప్పుడే వాగుడుకాయ అని పేరు పెట్టింది. నిమిషానికి ఒక్కసారి, అదీ మనసైతేనే పడేది నత్త. ల్యాబు కాగితాల మీద వాటికి నంబర్లున్నాయి గానీ మా పెద్దసారు కూడా నత్త అనే అంటారు. వాగుడుకాయ మాటకి విలువ లేదని మొదటి ఏడాదే తేలిపోయింది. నిన్న పడ్డ వాననే అది ఇవ్వాళ చెప్పేస్తుంది. నత్త అలా కాదు. వాననీరు పైన మట్టిలోంచి, రాతి పగుళ్ళలోంచి దిగి దాని దగ్గరికి రావడానికి నాలుగు నెలలు పడుతుంది. వచ్చేటప్పుడు ఆ వాన సంగతి మోసుకొస్తుంది.

నీళ్ళు సంగతి మోసుకురావడమేమిటంటారా? నీటిలో తేలిక ఆక్సిజన్ ఉంటుంది, కాస్త బరువైనదీ ఉంటుంది. మా వైపు వాన దండిగా కురిసిన ఏడు చుక్క తేలిగ్గా వస్తుంది. వాన తక్కువైతే బరువెక్కుతుంది. నత్త పడే చోట నేల మీద ఒక రాతి మొటిమ లేచింది. పక్కనే అలాంటిదే, మూరెడు పొడవున్నది, ఎప్పుడో విరిగి పడి ఉంటే పెద్దసారు తెచ్చి నిలువునా కోయించారు. దానిలో పొరలు పొరలుగా మూడువందల ఏళ్ళ చుక్కలున్నాయి. అంటే మూడువందల ఏళ్ళ వానలు. కానీ ఆ రాయిని చదవాలంటే ముందు చుక్క భాష రావాలి. ఆ భాష నేర్చుకోవడానికే నా తొమ్మిదేళ్ళూ.

పోయిన నెలలో, ఇంటినుంచి వెళ్ళిన ఇరవై రెండు సీసాలనూ యంత్రం మీద కొలిచారు. నత్త చుక్క రాయంత బరువుగా వచ్చింది. అంత కరువు ఈ తొమ్మిదేళ్ళలో లేదు. కానీ ఆ ఏడు వాన కొలిచే గొట్టం పొంగిపొర్లింది. మా ఇంటి మెట్ల దాకా నీళ్ళొచ్చాయి. పెద్దసారు కాగితాలు ముందేసుకుని చాలాసేపు చూసి, "నత్త మనల్ని మోసం చేసిందమ్మా," అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. కానీ పైన ఒక కమిటీ ఉంది. నమ్మకం లేని చుక్క దగ్గర ఇంకా కూర్చోనక్కర్లేదు, గుహలోని సామాను తీసేసి ఆ పని మూసెయ్యవచ్చు అని నోటు రాశారు. గురువారం కమిటీ. ఆ రోజు ఒక్క సంతకంతో నా తొమ్మిదేళ్ళు సింకులోకి పోతాయి.

ఇదంతా మా వాళ్ళకు తెలుసు. నెల రోజులుగా నా ముఖం చూస్తున్నారు.

"కరువు నేను తెప్పించడమేమిటే?" అంది అత్తయ్య.

"మూత వదులుగా పెట్టావుగా. పదకొండు నెలల్లో తేలిక నీళ్ళు ఆవిరై పోయాయి, బరువైనవి మిగిలాయి. వాన తక్కువ పడితే ఎలా ఉంటుందో అలా అయ్యాయి. కదమ్మా?"

నేను తలూపాను. అత్తయ్య కుర్చీలో కూర్చుంది. ఆమె కూర్చున్న తీరు చూస్తే నా కోపం సగం పోయింది. మిగిలిన సగం నా మీదకే తిరిగింది. ఆ పెట్టెని నేనే మోసుకెళ్ళాను. మూత తీసి ఒక్క సీసా వెలుతురులో పెట్టి చూసి ఉంటే రెండు వేళ్ళ ఖాళీ కనిపించేది. ముదురు గోధుమ రంగు సీసాలు, పైకి తెలియవు. యంత్రం దగ్గరి మనిషికి పెట్టెతో సహా అప్పజెప్పి వచ్చాను. అంత నిండా పోసేది దేనికో, చిన్న గాలి బుడగ కూడా ఎందుకుండకూడదో, పక్కన పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి తొమ్మిదేళ్ళలో ఒక్కసారి చెప్పలేదు.

"మిగతావి?" అన్నాను. "మిగతా ఏళ్ళల్లో శనివారం తెచ్చి సోమవారం పట్టుకెళ్ళినవి?"

"వాటినెందుకు ముట్టుకుంటాను? ఒక్కరోజులో ఏం గడ్డకడతాయి?" అంది. ఆ మాటతో నాకు ఊపిరి తిరిగింది.

మా ఆయన పేపరు మడిచాడు. "అయితే రేపు వెళ్ళి చెప్పెయ్. సీసాలు పాడయ్యాయి, నత్త తప్పేం లేదని."

"పాడయ్యాయంటే ఆ ఏడాది లేనట్టే అవుతుంది, నాన్నా," అంది బుల్లి. "నత్త నిజం చెప్పిందని ఎలా చూపిస్తుంది?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. ఆ మధ్యాహ్నం కూరగాయలు తరుగుతుంటే గుర్తొచ్చింది. చిన్న సీసాలు.

వెళ్ళిన ప్రతిసారీ నత్త కింద రెండు సీసాలు నింపుతాను. పెద్దది ఆక్సిజన్‌కి. వేలెడు ప్లాస్టిక్‌ది లోహాలకి. దానిలో ఒక చుక్క ఆసిడ్ వేస్తాం కాబట్టి ఫ్రిజ్ అక్కర్లేదు. అవన్నీ ల్యాబు బీరువాలో వరసగా ఉన్నాయి. ఎవరూ వంచలేదు, ఎవరూ కొలవనూ లేదు. ఆక్సిజన్ ఉండగా ఇంకెందుకులే అని పెద్దసారు వాయిదా వేస్తూ వచ్చారు.

సోమవారం పొద్దున్నే లోహాల యంత్రం నడిపే అక్క దగ్గరికి వెళ్ళాను. నాకంటే పదేళ్ళు పెద్దది. ఎవరొచ్చినా ముందు తిడుతుంది, తరవాత పని చేసిపెడుతుంది.

"రెండువందల సీసాలు గురువారానికా? నా యంత్రమేమైనా పిండిమర అనుకున్నావా?"

"ముందు ఇరవై రెండు చాలక్కా. టైముంటే మిగతావి."

"ఎందుకంత తొందర?"

చెప్పాను. దాచకుండా, రెండు వేళ్ళతో సహా. అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకోడానికని తరవాత తెలిసింది. "మా అత్తగారైతే కాచి వడబోసేది," అంది. "పట్టుకురా."

ఈ లెక్క ఇంట్లో అందరికీ తెలిసినదే. రోజూ నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, అదే సున్నం, ల్యాబు భాషలో కాల్షియం. వాన తక్కువైన ఏడు రాతి పగుళ్ళు సగం ఖాళీగా ఉంటాయి. నీళ్ళు ఆగి ఆగి దిగుతాయి. ఆ ఆగిన చోటల్లా సున్నం పెచ్చుకట్టి పైనే ఉండిపోతుంది. రాతిలోంచి కరిగే ఇంకో లోహం, మెగ్నీషియం, మాత్రం నీళ్ళతోనే కిందికి వస్తుంది. అందుకని కరువు చుక్కలో కాల్షియం తక్కువ, దానితో పోలిస్తే మెగ్నీషియం ఎక్కువ. వాన దండిగా ఉంటే నీళ్ళు గబగబా దిగిపోతాయి, సున్నం దారిలో పెచ్చుకట్టడానికి తీరిక ఉండదు. ఈ రెండింటి నిష్పత్తి చూస్తే చాలు, పైన ఎలాంటి వాన పడిందో తెలుస్తుంది.

బుధవారం మధ్యాహ్నానికి అక్క రెండువందల పైచిలుకు సీసాలూ కొలిచేసింది. పిండిమర అన్న మనిషే భోజనం కూడా యంత్రం పక్కనే చేసింది. ఇద్దరం తెరమీద గీత గీశాం. పైన వాన గొట్టం గీత, నాలుగు నెలలు జరిపి పెట్టాం. కింద నత్త గీత. వాన పెరిగిన చోటల్లా నత్త నిష్పత్తి దిగింది, వాన తగ్గిన చోటల్లా లేచింది. మూడో ఏడు కరువు, ఉంది. ఆరో ఏడు వానలు ఆలస్యం, ఉంది. ఇక ఎనిమిదో ఏడు, అత్తయ్య ఏడు. గీత నేలకి దిగిపోయి ఉంది. తొమ్మిదేళ్ళలోకెల్లా దండి వాన.

"ఇదేమిటి?" అంది అక్క, ఆ లోతు గీత మధ్యలో చిన్న బుడిపె మీద వేలు పెట్టి. "ఒక్క సీసా పైకి లేచింది."

నేను వాన కాగితాలు తీశాను. ఆ వానాకాలం నడిమధ్యన మూడు వారాలు చినుకు లేదు. నాకు గుర్తుంది. ఉతికిన బట్టలు మధ్యాహ్నానికే ఆరిపోతుంటే ఇంట్లో అందరం సంతోషించాం. ఆ మూడు వారాలని నాలుగు నెలల తరవాత, కొండ కింద, చీకట్లో, నత్త చెప్పింది.

నేను కళ్ళు తుడుచుకున్నాను. అక్క అంది, "పోయి ముఖం కడుక్కో. రేపటిదాకా ఏడుపు దాచుకో."

పెద్దసారుకి చూపిస్తే ఆయన గీతను మూడుసార్లు చూసి కుర్చీ నాకు ఇచ్చి తాను నిలబడ్డారు. తరవాత తలుపు దగ్గరగా వేసి, "ఆ పెద్ద సీసాల సంగతి, ఇంట్లో జరిగిందని ఎందుకు? దారిలో పాడయ్యాయని రాద్దాం. మీ ఇంటి ఫ్రిజ్ అంటే కమిటీ తొమ్మిదేళ్ళ సీసాలనూ అనుమానిస్తుంది," అన్నారు.

ఆ భయం నాకూ ఉంది. ఒక్క మాట మారిస్తే అత్తయ్య పరువూ, నా పరువూ రెండూ నిలుస్తాయి. కానీ చుక్క నిజం చెప్పిందని నిరూపించడానికి నేను అబద్ధం చెప్పి కూర్చోవడం, అది నావల్ల కాలేదు.

"జరిగింది జరిగినట్టే రాద్దాం సార్. మిగతా సీసాలు మంచివని చూపించే దారి ఉంది. ఆక్సిజన్ కొలిచిన యంత్రం దగ్గర హైడ్రోజన్ లెక్కలు కూడా ఉన్నాయిగా."

గురువారం కమిటీలో ముగ్గురు. మధ్యలో కూర్చున్నది తల నెరిసిన పెద్దావిడ. పెద్దసారు మొదలుపెట్టి, మధ్యలో ఆపి, "మిగతాది ఆమే చెబుతుంది," అన్నారు. తొమ్మిదేళ్ళలో ఆ గదిలో నేను నీళ్ళ గ్లాసులు పెట్టాను, కాగితాలు పంచాను. మాట్లాడటం అదే మొదలు.

"ఆ ఇరవై రెండు సీసాలూ మా ఇంట్లో, నా బాధ్యతలో ఉన్నప్పుడు పాడయ్యాయి," అన్నాను. "మూతలు వదులయ్యాయి. తీసుకెళ్ళేటప్పుడు నేను తెరిచి చూడలేదు. తప్పు నాది."

కుడి పక్క ఆయన కలం కింద పెట్టాడు. "అలాంటప్పుడు మిగతావి పాడవలేదని ఏమిటి నమ్మకం?"

"వాన నీటిలో ఆక్సిజన్, హైడ్రోజన్ జోడెడ్లలా కలిసి నడుస్తాయండి. నీళ్ళు సీసాలో కూర్చుని ఆవిరైతే ఒకటి వెనకబడుతుంది. ఈ ఇరవై రెండింటిలో వెనకబడింది. మిగతా ఏ ఒక్కదానిలోనూ వెనకబడలేదు. ఇదిగో వరస."

కాగితం చేతులు మారింది. తరవాత నేను నత్త గీత పెట్టాను. నిష్పత్తి ఆవిరితో మారదని, పైగా ఆ చిన్న సీసాలు ల్యాబు బీరువాలో చేరాక మళ్ళీ బయటికి రాలేదని చెప్పాను. తొమ్మిదేళ్ళూ ఒక్కొక్కటే చూపించాను. చివర్లో ఆ బుడిపె మీద వేలు పెట్టి మూడు వారాల సంగతి చెప్పాను.

పెద్దావిడ కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "మూడు వారాలా?" అంది. "పోయినేడు ఏ నెలలో వాన ఆగిందో నాకే గుర్తులేదు. ఈ కొండకి గుర్తుందన్నమాట." ఆమె పెద్దసారు వైపు తిరిగింది. "మీ కోసిన రాయి ఇప్పుడు చదవచ్చు కదా?"

"ఇప్పుడు చదవచ్చు," అన్నారు పెద్దసారు. "మూడువందల ఏళ్ళూ."

మూసెయ్యమన్న నోటును పెద్దావిడ అడ్డంగా చింపి పక్కన పెట్టింది. ఇంకా ఐదేళ్ళు నడపమంది. అయితే వానాకాలంలో పదిహేను రోజులకోసారి చాలదు, రోజూ నీళ్ళు పట్టే మనిషి అక్కడే ఉండాలి, ఆ మనిషి పేరు కాగితాల మీద మొదటి పేరుగా ఉండాలి అంది. "మీరు కుటుంబం ఉన్నవారు. ఇంట్లో అడిగి రేపు చెప్తారా?"

నేను కాగితం నా వైపు జరుపుకున్నాను.

సాయంత్రం వచ్చేసరికి ముగ్గురూ ముందు గదిలోనే ఉన్నారు. బుల్లి నా ముఖం చూసి అడగకుండానే వచ్చి పట్టుకుంది. మా ఆయన ఆ రోజు దుకాణం పెందలాడే మూశాడు. ఎందుకని అడిగితే, "గిరాకీ లేదు," అన్నాడు. చొక్కా జేబులో ఎవరిదో కళ్ళజోడు సగం బిగించింది అలాగే ఉంది.

జరిగింది వరసగా చెప్పాను. అక్క భోజనం దగ్గర్నుంచి నోటు చింపేదాకా. మూడు వారాల బుడిపె దగ్గర మా ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

అత్తయ్య చివరిదాకా విని, "నా పేరు చెప్పావా?" అని అడిగింది.

"లేదత్తయ్యా. నా బాధ్యతలో పాడయ్యాయని చెప్పాను."

"ఎందుకు చెప్పలేదు? చేసింది నేనైతే నెత్తిన వేసుకోవడానికి నువ్వెవరు? నేను వచ్చి చెప్పుకోలేననుకున్నావా? ఆ పెద్దావిడ ఎంత పెద్దావిడ? నాకంటే పెద్దదా?"

"మీకంటే చిన్నదేనత్తయ్యా."

"మరి? ఇరవై రెండు సీసాలు ఒక్కటి పగలకుండా కాపాడాను, అది కూడా చెప్పాల్సింది." గొంతు తగ్గించి, "ఆ నత్త అబద్ధం చెప్పలేదు కదా. అది చాలు," అంది.

భోజనాలకి కూర్చున్నాం. బుల్లి తన స్నేహితురాళ్ళకి ఫోన్లో ఏదో చెప్పేస్తోంది, కొండకి జ్ఞాపకశక్తి ఉంటుందని. మా ఆయన, ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, నువ్వు తిరగేసి గెలిచావు, అన్నాడు. అత్తయ్య ఆయన కంచంలో కూర వేస్తూ, "ఇంట ఇంకా గెలవలేదు, గెలిచినప్పుడు చెబుతాలే," అంది. అందరం నవ్వాం. నేను చాలా రోజుల తరవాత రెండోసారి వడ్డించుకున్నాను.

నవ్వులు సర్దుకున్నాక గ్లాసులో నీళ్ళు పోసుకుంటూ, గొంతు పెంచకుండానే చెప్పాను.

"వానలు మొదలైన దగ్గర్నుంచి ఆగేదాకా, నాలుగు నెలలు, నేను గుహ దగ్గర గది తీసుకుని ఉంటాను. ఈ ఏడూ, ఇంకో నాలుగేళ్ళూ. ఆదివారాలు ఇంటికి వస్తాను. సంతకం పెట్టేశాను."